ఆరని బల్బు

"అక్కా, అరవకు. ఇలా రా. నన్ను మాత్రం ముట్టుకోకు."

ముందుగదిలో కర్టెన్ అంచు కుడుతున్న అక్క మిషను తొక్కడం ఆపేసింది. తమ్ముడి గొంతు ఎప్పుడూ అలా ఉండదు. వాడు మాట్లాడితే సగం కేక, సగం వెక్కిరింత. ఇప్పుడా గొంతు నిండా పోసిన నూనెగిన్నెను మోసుకొస్తున్న మనిషి నడకలా ఉంది. ఎక్కడా తొణకడం లేదు.

నడిమిగది గుమ్మంలోకి రాగానే ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

తమ్ముడు కొత్త యాంప్లిఫయర్ ముందు మోకాళ్ల మీద ఉన్నాడు. దాని ఇనపమూత ఊడదీసి గోడకు ఆనించి ఉంది. వాడి కుడిచెయ్యి మణికట్టు దాటి ఆ పెట్టెలోకి దిగిపోయింది. మొహంలో నెత్తురుచుక్క లేదు. ముక్కు కొసన చెమటబొట్టు వేలాడుతున్నా ఎడమచేత్తో తుడుచుకోవడానికి కూడా వాడు సాహసించడం లేదు.

"చెయ్యి ఇరుక్కుంది. లోపల కరెంటుంది. బావకి ఫోన్ చెయ్యి."

ఆ యాంప్లిఫయర్ ఆ ఇంట అడుగుపెట్టి ఇంకా వారం కూడా కాలేదు.

బావ అంటే అక్క మొగుడు. అచ్చాఫీసులో మిషను నడుపుతాడు. రోజంతా దడదడల మధ్య బతికేవాడికి ఇంటికొచ్చాక కాస్త నిశ్శబ్దం కావాలనిపించాలి. ఈయనకు మాత్రం ఇంకా పెద్ద చప్పుడు కావాలి. అది చప్పుడు కాదు, పాట అని ఆయన వాదన. ఇనపబిందెతో నెత్తిన కొట్టినా, ఇత్తడిబిందెతో కొట్టినా నెప్పి ఒకటేనని అక్క జవాబు. అటకంత ఎత్తు స్పీకర్లు రెండు ఎప్పుడో కొని పెట్టుకున్నాడు. వాటిని నడిపే సత్తువ ఉన్న యాంప్లిఫయర్ కోసం ఏళ్ల తరబడి దుకాణాలు తిరిగాడు.

చివరికి ఒక ముసలి దుకాణదారు దొరికాడు. ఎన్ని వాట్లు అని బావ అడగబోతే ఆయన వేలెత్తి ఆపాడు. వాట్లు అట్టపెట్టె మీద ఎవడైనా రాస్తాడు, ముందు మీ స్పీకర్లేవో, మీ గది ఎంతో చెప్పండి అన్నాడు. అన్నీ విని ఒక నల్లటి పాత పెట్టెను చూపించి రెండు చేతుల్తో ఎత్తమన్నాడు. బావ ఎత్తలేకపోయాడు. "బరువెంతో మీ నడుమే చెప్పింది కదా, సత్తువెంతో ఇక నన్నడక్కండి" అని నవ్వాడు ముసలాయన. లోపలి కెపాసిటర్లన్నీ, అంటే కరెంటును నిలవచేసుకునే డబ్బాల్లాంటివన్నీ, ఆయన కొత్తవి వేశాడు. అందుకే మొదటి రోజుల్లో తక్కువ సౌండుతో ఆపకుండా పాడించాలనీ, రోజురోజుకీ కొంచెం పెంచాలనీ, అప్పటిగ్గానీ దాని గొంతు విచ్చుకోదనీ చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. అది ఒకటి కాదు, రెండు యాంప్లిఫయర్లు. ఎడమ స్పీకరుకు ఒక సగం, కుడి స్పీకరుకు ఒక సగం. ఒకే కప్పు కింద వేరుకాపురం పెట్టిన అన్నదమ్ముల్లాంటివి. ఎవరి పొయ్యి వాళ్లది, ఎవరి ప్లగ్గు వాళ్లది.

అక్కతోనూ తమ్ముడితోనూ బావ ఈ విషయం తప్ప అన్నీ చెప్పాడు.

దాచాలని కాదు. పెట్టెను తెచ్చిన రోజు అక్క కుట్టిన కర్టెన్లు అప్పజెప్పడానికి వెళ్లింది. తమ్ముడు తన గడియారాల దుకాణంలో ఉన్నాడు. బావ ఒక్కడే రెండు ప్లగ్గులూ ఒకే బోర్డులో పెట్టి స్విచ్చి వేశాడు. ఇంటి ఫీజు ఎగిరిపోయింది. దాంతో రెండో ప్లగ్గు వైరును గోడవార నడిపించి, పడకగది తలుపు కింద నుంచి లాగి, మంచం కింద ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డులో గుచ్చాడు. ఈసారి ఫీజు నిలబడింది. పెట్టె ముందువైపు చిన్న ఎర్రదీపం వెలిగింది. ఆ దీపం ఎడమ సగానికి మాత్రమే సంబంధించిందని ఆయనా పట్టించుకోలేదు. పాట మొదలైంది, సంబరంలో మిగతాది మరిచిపోయాడు.

పగలంతా పాడించాలంటే ఇరుగుపొరుగు ఊరుకోరు కదా. అందుకని స్పీకర్లను ఎదురెదురుగా మొహాలు ఆనించి నిలబెట్టి, ఒకదాని వైర్లు తలకిందులు చేసి, పైన బొంతలు కప్పాడు. అప్పుడు ఒకదాని శబ్దాన్ని ఇంకోటి మింగేస్తుంది. లోపల ఎంత మోగుతున్నా బయటికి గుసగుసే వస్తుంది. మొగుడూపెళ్లాల పోట్లాట గుమ్మం దాటనట్టు అని బావ అంటే, మన పోట్లాట ఎప్పుడు దాటలేదని అక్క అడిగింది.

మధ్యాహ్నాలు భోజనానికి వచ్చే తమ్ముడికి ఒక పని అప్పగించాడు. మూత మీద అరచెయ్యి పెట్టి వేడి చూడాలి, సౌండు కొద్దిగా పెంచాలి, ఇంకేదీ ముట్టుకోకూడదు. తమ్ముడు సన్నగా, పొడుగ్గా, ఎక్కడపడితే అక్కడ దూరిపోయేలా ఉంటాడు. గడియారం ముల్లులా ఉన్నాడని బావ వాణ్ని 'ముల్లు' అంటాడు. నేను ముట్టుకోని గడియారం ఈ ఊళ్లో ఉందా బావా, ఈ డబ్బా ఒక లెక్కా అని వాడు.

ఈరోజు వాడు పెట్టె మీదికి వంగి చెవి పెట్టి వింటున్నాడు. చొక్కా జేబులోంచి సన్న స్క్రూల డబ్బీ జారింది. మూత తెరుచుకుంది. ఆవగింజంత స్క్రూ ఒకటి గాలి తీసుకునే సందులోంచి యాంప్లిఫయర్ లోపలికి పోయింది.

ఇనపముక్క లోపల ఉంటే ఏదో ఒకరోజు ఏదో ఒకటి కాలుతుందని వాడికి తెలుసు. బావకు చెబితే చచ్చేదాకా దెప్పుతాడనీ తెలుసు. 'ముల్లుగాడు ముల్లు పోగొట్టుకున్నాడు' అని బంధువులందరి ముందూ చెప్పుకుని నవ్వుతాడు. అందుకని గుట్టుగా పని కానిచ్చేద్దామనుకున్నాడు. పాట ఆపాడు. బోర్డులోంచి ప్లగ్గు పీకాడు. ఎర్రదీపం ఆరిపోయింది. మూత విప్పాడు.

కుడివైపు డబ్బాల నెత్తి మీద రెండు రాగిపట్టీలు పక్కపక్కనే ఉన్నాయి. వాటి పక్క సందులో, కింద, స్క్రూ మెరిసింది. వాడు చెయ్యి దింపాడు. మోచేతి కిందుగా ఏదో తగిలి జివ్వుమని లాగింది. అదిరిపడి వెనక్కి గుంజేసరికి చేతి గడియారం ఇనపపట్టీ ఒక బిగింపు కొక్కేనికి తగులుకుంది. ఇప్పుడా పట్టీ సరిగ్గా రెండు రాగిపట్టీల మధ్య నిలబడింది. అటు గోరంత సందు, ఇటు గోరంత సందు.

అక్క ఫోన్ కలిపి, స్పీకరులో పెట్టి, నేలమీద ఉంచింది. అచ్చుమిషన్ల దడదడ మధ్య బావ గొంతు వినిపించింది. ఆమె చెప్పింది ముందు ఆయనకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క తిట్టు కూడా రాలేదు. ఆయన తిట్టకపోవడంతో ఆమె భయం రెట్టింపైంది.

బావ ఒకటే అడిగాడు. ప్లగ్గు తీశాడా?

"తీశాను బావా. దీపం ఆరింది. ప్లగ్గు నా మోకాలి పక్కనే ఉంది."

అయితే అది డబ్బాల్లో నిలవున్న కరెంటేనని బావ తేల్చాడు. ప్లగ్గు తీసినా అవి వెంటనే ఖాళీ కావు. గడియారం పట్టీ రెండు రాగిపట్టీలకూ ఒకేసారి తగిలితే ఆ నిలవంతా ఒక్క క్షణంలో ఆ పట్టీలోంచి దూకుతుంది. పట్టీ కరిగి మణికట్టులోకి దిగుతుంది. ఆ మాట ఆయన అనలేదు. "తగలకూడదు" అన్నాడంతే. గడియారాలు బాగుచేసేవాడికి కుడిచెయ్యి అంటే ఏమిటో ఆ ముగ్గురిలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. అదృష్టం బాగుండకపోతే ఆ కరెంటు చేతితో సరిపెట్టుకోదని కూడా.

"దానంతట అది పోయేదాకా ఆగితే?" అని అక్క అడిగింది.

"గంట పట్టొచ్చు, పూట పట్టొచ్చు. వాడు అంతసేపు ఉండగలడా?"

తమ్ముడు తల ఊపలేదు. లేనన్నట్టు కళ్లు మాత్రం అటూ ఇటూ తిప్పాడు. వాడి ఎడమకాలు అప్పటికే సన్నగా వణుకుతోంది.

బావ చెప్పడం మొదలుపెట్టాడు. పనిముట్ల పెట్టెలో ఒక బల్బు హోల్డరు, దానికి రెండు వైర్లు ఉంటాయి. వైర్ల కొసలు రబ్బరు ఒలిచి ఉంటాయి. బల్బు బిగించి, ఒక కొస ఒక రాగిపట్టీకి, రెండో కొస రెండో పట్టీకి ఆనించాలి. నిలవున్న కరెంటును బల్బు మెల్లగా తాగేస్తుంది. గుప్పున వెలిగి, పచ్చబడి, ఎర్రబడి, ఆరిపోతుంది. అది ఆరిందంటే లోపల ఏమీ లేనట్టే. యాంప్లిఫయర్లు బాగుచేసేవాళ్లందరూ అలాగే చేస్తారట. రబ్బరు చెప్పులు వేసుకోమన్నాడు. గాజులు తీసెయ్యమన్నాడు. రబ్బరున్న చోటే పట్టుకోమన్నాడు.

అక్కకు కరెంటంటే పుట్టుభయం. బల్బు పోతే మార్చడానికి కూడా తమ్ముణ్ని పిలుస్తుంది. ఇప్పుడు పిలవడానికి వాడు లేడు. వాడి కోసమే ఆ పని.

గాజులు ఊడదీసింది. చెప్పులు తొడుక్కుంది. తమ్ముడికి ఎదురుగా కూర్చుని రెండు వైర్లూ రెండు చేతుల్లోకి తీసుకుంది. ఎంత పాత గుడ్డకైనా సన్నని కుట్టు వెయ్యగల చేతులవి. అవి ఎప్పుడూ వణకలేదు. ఇప్పుడు వైరు కొసలు గాలిలో చిన్న చిన్న సున్నాలు చుడుతున్నాయి.

"సూదిలో దారం అనుకో అక్కా" అన్నాడు తమ్ముడు.

"నువ్వు నోర్ముయ్."

ఆ మాటతో చేతులు కాస్త కుదురుకున్నాయి. ఒక కొస ఆనించింది. ఏమీ కాలేదు. రెండో కొస ఆనించింది. చిటుక్కుమని చిన్న రవ్వ లేచి, బల్బు వెలిగింది. ఏ ప్లగ్గుకూ సంబంధం లేని బల్బు ఆమె ఒడిలో పచ్చగా వెలిగి, తమ్ముడి మొహం మీది చెమటనంతా చూపించింది.

"వెలిగిందండీ."

"వెలగాలి. భయపడకు. అలాగే పట్టుకో. ఇప్పుడు తగ్గుతుంది చూడు."

ఆమె రెప్ప వెయ్యకుండా బల్బునే చూసింది. తమ్ముడూ అదే చూస్తున్నాడు. ఫోన్లో మిషన్లు దడదడమంటున్నాయి.

"తగ్గిందా?"

"లేదండీ."

"కొంచెం ఎర్రబడుతుంది, చూడు."

"ఎర్రబడలేదు. మొదట ఎలా ఉందో అలాగే ఉంది."

బావ ఏవో అంకెలు గొణిగాడు. ఆయన లెక్క వేసుకుంటున్నాడని ఆమెకు తెలిసింది. ఆ లెక్క తప్పుతోందనీ తెలిసింది. బల్బు ఆమె ఒడిలో హాయిగా, ఇంటి దీపంలా వెలుగుతోంది. దాని వేడి చీరలోంచి తొడకు తగులుతోంది.

"అక్కా, ఇది నిలవున్నది కాదు" అన్నాడు వాడు మెల్లగా. "ఎక్కడినుంచో వస్తోంది."

అప్పుడు ఫోన్లోంచి బావ గొంతు వచ్చింది. ఇందాకటి గొంతు కాదది.

"ఇదిగో, విను. దానికి రెండు ప్లగ్గులు. రెండోది నేనే పెట్టాను, పడకగదిలో, మంచం కింద బోర్డులో. మర్చిపోయాను. వాడి చెయ్యి ఉన్నది ఆ సగంలోనే. అది ఇంకా నడుస్తోంది."

తమ్ముడు కనుకొలకుల్లోంచి గోడవార చూశాడు. నల్లటి వైరు పాములా పడకగది తలుపు కిందికి దూరిపోయింది. అది ఈ వారమంతా వాడి కళ్లముందే ఉంది. స్పీకరు వైరనుకున్నాడు.

డబ్బాలు ఖాళీ అవుతూ ఉంటే గండం గడుస్తూ ఉన్నట్టు. ఇవి ఖాళీ అవవు. బల్బు ఎంత తాగితే అంతా గోడలోంచి మళ్లీ వచ్చి నిండుతుంది. ఆ కాలు వణుకు ఎప్పుడు చేతికి పాకితే అప్పుడే.

అక్క లేవాలి. కానీ వైర్లు ముందు పైకి తియ్యాలి. అవి జారి గడియారం మీద పడితే అంతే. ఒక కొస ఎత్తింది. మళ్లీ చిటుక్కుమంది. తమ్ముడి భుజం అదిరింది. గడియారం పట్టీ కదిలింది. అది ఒకవైపు రాగికి తాకి, ఆగింది. రెండోవైపు సందు ఇప్పుడు వెంట్రుకవాసి. వాడి గొంతులోంచి కుక్కపిల్ల మూలిగినట్టు శబ్దం వచ్చింది.

"వెళ్లక్కా. కాలు పడిపోతోంది. వెళ్లు."

వాడు ముందుకు తూలితే ఆపేదేదీ లేదు. పట్టుకోవడానికి వీల్లేదు. ఆమె చూపు ముందుగది వైపు పరిగెత్తింది. బట్ట కొలిచే చెక్కబద్ద మిషను మీద ఉంది. ఒక్క దూకుతో దాన్ని తెచ్చి, సోఫా దిండును వాడి ఛాతీకీ పెట్టె అంచుకూ మధ్యకి బద్దతోనే నెట్టింది. దిండు వాడి బరువును కొంత మోసింది. వాడు కళ్లు మూసుకున్నాడు.

ఆమె పడకగదిలోకి పడింది. నిజంగానే పడింది, రబ్బరు చెప్పు గడప తన్నుకుని. మోచేతుల మీద పాకి మంచం కిందికి దూరింది. బోర్డు నిండా ప్లగ్గులు. ఫ్యానుది, ఇస్త్రీపెట్టెది, ఫోనుది, ఇంకేవో. ఆ చీకట్లో అన్నీ నల్లవే, అన్నీ ఒకేలా ఉన్నాయి. చేతికందిన దాన్ని లాగింది. ఊడలేదు. బోర్డు మొత్తం ఊగింది. అవతలి గదిలో ఆ నల్లవైరు కదిలి పెట్టెను కూడా కదిలిస్తుందేమోనన్న ఆలోచన వచ్చింది. వెంటనే దాన్ని వదిలేసింది. బోర్డు వైరు ఎక్కడ గోడలోకి పోతోందో తడిమింది. గోడమీది స్విచ్చి దొరికింది. నొక్కింది. మంచం పక్కన టేబుల్ ఫ్యాను చప్పుడు మందగించింది. అయినా నమ్మలేక బోర్డు ప్లగ్గును కూడా గోడలోంచి పీకి చేత్తో పట్టుకుని వచ్చింది.

తమ్ముడు అలాగే ఉన్నాడు. నిండు ప్రాణంతో ఉన్న బొమ్మలా ఉన్నాడు.

"పీకేశానండీ. ఇంకేదైనా ఉందా? మూడోది ఉందా? నిజం చెప్పండి."

"లేదు. ఒట్టు, రెండే. ఇప్పుడు మళ్లీ బల్బు పెట్టు."

మొదటిసారి ఆయన మాట నమ్మి పెట్టింది. ఈసారి ఏ మాట మీదా నమ్మకం లేదు. ఆయనది తప్పైతే? ఈ గోడల్లో ఇంకెక్కడినుంచైనా వస్తే? తమ్ముడు కళ్లు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. చిన్నప్పుడు చెట్టెక్కి దిగడం రాక కొమ్మ మీద నుంచి ఇలాగే చూసేవాడు.

వెంట్రుకవాసి సందు పక్కన ఒక కొస ఆనించింది. రెండోది ఆనించింది.

బల్బు వెలిగింది. ఇందాక ఎంత వెలిగిందో అంతే.

ఆమెకు ఏడుపు తన్నుకొచ్చింది. "తగ్గుతోందా?" అని బావ అడుగుతున్నాడు. ఒక్క క్షణం, ఇంకొక్క క్షణం. బల్బులో తీగ తెల్లదనం కాస్త పచ్చబడిందా? కన్నీళ్ల వల్ల అలా కనిపిస్తోందా? రెప్పలు గట్టిగా మూసి తెరిచింది. పచ్చదనం నారింజకు తిరిగింది. తమ్ముడి మొహం మీది వెలుతురు గడ్డం దాకా, పెదాల దాకా జారి, మసకైంది. తీగ ఎర్రటి వెంట్రుక అయింది. తరవాత బూడిదలో నిప్పుకణిక అయింది. తరవాత ఉత్త గాజుబుడ్డి.

ఆమె వైర్లు తియ్యలేదు. ఇంకా అదిమి పట్టుకునే ఉంది.

తమ్ముడు ఎడమచెయ్యి మెల్లగా లోపలికి దింపి గడియారం పట్టీ కొక్కెం తడిమాడు. పట్టీ విచ్చుకుంది. గడియారం లోపలే టంగుమని పడింది. ఏమీ కాలేదు. వాడు చెయ్యి బయటికి తీసుకుని, ఎవరిదో వస్తువును చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూశాడు. మణికట్టు చుట్టూ ఎర్రటి గాడి. వేళ్లు అయిదూ ఉన్నాయి. ఒక్కొక్కటే మడిచాడు. అన్నీ మడతపడ్డాయి. ఆఖరిది మడిచాక వెనక్కి వాలి, నేలమీద పొడుగ్గా పడుకుండిపోయాడు.

ఫోన్లో మిషన్ల శబ్దం లేదు. బావ ఎక్కడికో బయటికి వచ్చినట్టున్నాడు.

"ఆరిందా?" అంటున్నాడు. "ఇదిగో, ఆరిందా? ముల్లూ? ఒరేయ్, ఎవరైనా మాట్లాడండ్రా. ఏమైంది? ఒక్కళ్లైనా మాట్లాడండి."

అక్క అప్పుడు వైర్లు వదిలింది. పాకుతూ తమ్ముడి దగ్గరికి వెళ్లి వాడి కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. చల్లగా, తడిగా ఉంది ఆ చెయ్యి. నాడి గబగబా కొట్టుకుంటోంది. అది చూసుకున్నాక ఫోన్ వైపు తిరిగింది.

"ఉన్నామండీ."

"ఇద్దరూ?"

"ఇద్దరం."

అటువైపు నుంచి మొగవాడు ఏడుపు మింగుకుంటే వచ్చే శబ్దం ఒకటి వచ్చింది, అంతే. ఆమె విననట్టే ఊరుకుంది.

"అక్కా, చెయ్యి వదులు. నొప్పిగా ఉంది" అన్నాడు తమ్ముడు కొంతసేపటికి.

ఆమె వదల్లేదు. వాడు మళ్లీ అడగలేదు.